ఆఫీసు గుమ్మం దగ్గర మొదలయ్యే పౌరశాస్త్రం

కర్నూలు

అమ్మా, ఆశీస్సులు.

ఆదోని వైపు ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్తున్నావని నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పిల్లల్లో పౌరబాధ్యత పెంచడానికి ఏయే కార్యక్రమాలు పెట్టమంటారని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి, చివరి పదకొండేళ్లు అదే కుర్చీలో కూర్చున్నవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను. కార్యక్రమాల సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు నీ ఆఫీసు గది సంగతి చూసుకో.

రోజూ అసెంబ్లీలో పిల్లలు ప్రతిజ్ఞ చెబుతారు. 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞలో, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటామనే మాట ఉంది. ఆ మాట పలికిన అరగంటకే ఒక తల్లి స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఆమెను మన జూనియర్ అసిస్టెంటు కూర్చోమంటాడా, రేపు రమ్మని పంపేస్తాడా అన్నది వరండాలోంచి పిల్లలు చూస్తూనే ఉంటారు. పల్లెటూరి పిల్లలకు తహసీల్దారు కార్యాలయమూ పోలీసు స్టేషనూ దూరం. వాళ్లు రోజూ దగ్గరగా చూసే సర్కారు అంటే బడి ఒక్కటే. సర్కారు అనేది మనుషులతో ఎలా మాట్లాడుతుందో, పేదవాళ్లను ఎంతసేపు నిలబెడుతుందో వాళ్లు అక్కడే నేర్చుకుంటారు.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ప్రధానోపాధ్యాయుడినైన కొత్తలో ఒక అవ్వ మనవరాలి టి.సి. కోసం మూడుసార్లు వచ్చింది. మొదటిసారి గుమాస్తా సెలవులో ఉన్నాడు, రెండోసారి బీరువా తాళంచెవి దొరకలేదు, మూడోసారి నేను సమావేశానికి వెళ్లాను. వచ్చిన ప్రతిసారీ ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకుంది. నాలుగోసారి ఆమె రాలేదు. ఆ పిల్ల ఇంటర్‌లో చేరలేదు. ఎవరి తప్పూ లేదని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను కానీ తప్పు నాదే. ఆ తరువాత బీరువా రెండో తాళంచెవి నా దగ్గర ఉంచుకున్నాను. గుమ్మం దగ్గర రెండు కుర్చీలూ మంచినీళ్లూ పెట్టించాను. వచ్చినవాళ్లు ఏమడిగారో, ఏ రోజు ఇచ్చామో రాసే ఒక పుస్తకం తెరిచి, అదే రోజు ఇవ్వలేకపోతే కారణం రాసి దాని కింద నేనే సంతకం చేసేవాణ్ణి. ఆ సంతకం పెట్టవలసి వస్తుందనే కాబోలు, పనులు తొందరగా జరిగాయి. నువ్వు చేరిన మొదటి వారంలోనే ఈ పని చెయ్యి.

రెండో విషయం, తరగతి గదిలో కులం లెక్క. స్కాలర్‌షిప్పులకో, పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా అయిన నామినల్ రోల్స్‌కో వివరాలు కావలసివచ్చినప్పుడు, ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి అని పిల్లలను నిలబెట్టే అలవాటు మన బడుల్లో ఇంకా పోలేదు. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణాన్ని పొద్దున పాఠంగా చెప్పి, మధ్యాహ్నం అదే గదిలో పిల్లవాణ్ణి అలా లేపి నిలబెడితే వాడికి గుర్తుండేది మధ్యాహ్నం జరిగినదే. ఆ వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నాయి. ఇద్దరు ఉపాధ్యాయులను కూర్చోబెట్టి అందులోంచి రాయించు. సరిచూడవలసి వస్తే పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి మెల్లగా అడగమను. కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారని మన జిల్లా పిల్లలకు గర్వంగా చెబుతాం. ఆయన కథ వింటున్న పిల్లవాడు తన బడిలో తలవంచుకుని నిలబడకూడదు.

మధ్యాహ్న భోజనమూ, నీళ్ల కుళాయీ, ఊడ్చే పనీ ఇలాంటివే. వంట చేసేవాళ్ల కులం చూసి ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకునే పిల్లలు ఉంటే వాళ్లను తిట్టవద్దు. నువ్వూ నీ ఉపాధ్యాయులూ అదే అన్నం అదే వరుసలో కూర్చుని తినండి. ఊడ్చే పనీ నీళ్లు మోసే పనీ క్రమసంఖ్య ప్రకారం అందరికీ రావాలి, మొదటి రోజు చీపురు నీ చేతిలో ఉండాలి, మరుగుదొడ్లు కడిగే పని ఏ పిల్లకూ చెప్పకూడదు. అటెండరునూ వాచ్‌మన్‌నూ ఆయానూ నువ్వు గారు అని పిలిస్తే పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. కొట్టడం గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ రెండో మాటను స్టాఫ్ మీటింగులో నిదానంగా చదివి వినిపించు.

తరగతి నాయకుడి ఎన్నికను మాత్రం చాలా శ్రద్ధగా జరిపించు. మార్కులు ఎక్కువ వచ్చినవాణ్ణి ఉపాధ్యాయుడు నియమించడం ఎన్నిక కాదు. నామినేషను, రెండు రోజుల ప్రచారం, చీటీ మీద రహస్య ఓటు, అందరి ఎదుటా లెక్కింపు, అన్నీ జరగాలి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గి 1989 నుంచి అమలులోకి వచ్చింది. నీ పదో తరగతి పిల్లలు మూడేళ్లలో నిజమైన ఓటు వేస్తారు, వాళ్లలో కొందరు ఈ బడి తరువాత మరో తరగతి గదిలో కూర్చోరు. పైగా మన సీమలో రెండు వర్గాలుగా చీలిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఓడిపోవడమంటే భయం. ఓడినవాడు కూడా మర్నాడు అదే బెంచీలో కూర్చుంటాడని, గెలిచినవాడు వాడి మాట కూడా వినాలని వాడికి చూపించగలిగే చోటు నీ బడే. లెక్కింపు అయిన వెంటనే ఓడిన అభ్యర్థిని పిలిచి రెండు మాటలు మాట్లాడించు, ఏదైనా ఒక కమిటీ బాధ్యత అప్పగించు. రెండు వర్గాల పిల్లలనూ ఒకే బెంచీలో కూర్చోబెట్టు. జెండా వందనానికి ఏ నాయకుడి ఒత్తిడీ లేకుండా, ఒక ఏడాది వంటమనిషి చేతా, ఒక ఏడాది పూర్వ విద్యార్థి అయిన ఒక రైతు చేతా జెండా ఎగరేయించగలవా, ప్రయత్నించి చూడు. నేను రెండుసార్లు చేయగలిగాను.

తల్లిదండ్రుల కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులూ, సగం మంది మహిళలూ ఉండాలని చట్టం చెబుతుంది కానీ, సమావేశం పదకొండు గంటలకు పెడితే కూలికి పోయే తల్లి ఎలా వస్తుంది? సాయంత్రం పెట్టు. తీర్మానం పుస్తకాన్ని సంతకం కోసం ఇళ్లకు పంపకు. బడికి వచ్చిన డబ్బూ అయిన ఖర్చూ బోర్డు మీద రాయించు. తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడికలు సరిచూపించు.

ఇక అన్నిటికంటే కష్టమైనది సుగ్గి, అంటే కూలి కోసం ఊరొదిలి పోయే వలస. వానలు మోసం చేసిన ఏడాది నీ బడి చుట్టుపక్కల ఊళ్లు సగం ఖాళీ అయి, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోతాయి. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. పిల్లలను చదివించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని గోడ మీద రాయించి వాళ్లను తప్పుపట్టడం సులువు. రాజ్యాంగంలో ఆ పదకొండో ప్రాథమిక విధిని చేర్చిన 2002 నాటి 86వ సవరణే, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య అందించే బాధ్యతను 21ఏ అధికరణం ద్వారా ప్రభుత్వం మీద కూడా పెట్టింది. ఆ ఊరికి ఆ ప్రభుత్వం నువ్వూ నీ సిబ్బందీ. అందుకని దసరా సెలవులకు ముందే ఏ ఇల్లు కదలబోతోందో కనుక్కుని, అవ్వాతాతల దగ్గర ఉండగలిగే పిల్లలెవరో, సీజనల్ హాస్టలు కావలసినవాళ్లెవరో జాబితా రాసి మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, జవాబు వచ్చేదాకా తిరుగు. వెళ్లిపోయి మార్చిలో తిరిగి వచ్చిన పిల్లను ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని తరగతిలో అడగవద్దని అందరికీ చెప్పి ఉంచు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు కొట్టేయనీయకు.

ఆ జాబితా తయారయ్యాక నాకు కబురు చెయ్యి. నేను ఆదోనికి వస్తాను. ఇద్దరం కలిసి ఆ ఇళ్లకు వెళదాం.

నీ సోషలు సారు