పత్రికలో పనిచేస్తూ చరిత్ర పుస్తకాలు రాయొచ్చా?

జర్నలిజం చదువుతున్నాను, అందరూ చదివే చరిత్ర పుస్తకాలు రాయాలని ఉంది, దాంతో బతకొచ్చా, పీహెచ్‌డీ లేకపోతే ఎవరైనా లెక్కచేస్తారా అని అడిగారు. హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా విలేకరిగా ఉన్నాను, కాకతీయుల మీద మూడు పుస్తకాలు రాశాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు బతుకు సంగతి. పుస్తకాలతో ఇల్లు గడవదు. మొదటిది 500 కాపీలు సొంత డబ్బుతో వేయించుకున్నాను, అవి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. జీతం వచ్చే ఉద్యోగం వదలొద్దు.

డిగ్రీ మాటకొస్తే, మనకు సురవరం ప్రతాపరెడ్డి గారు ఉన్నారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆ సంపాదకుడే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి చెప్పారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెలుగులో మొదట వచ్చింది ఆ పుస్తకానికే, 1955లో. రోజూ జనం మధ్య తిరిగే పత్రిక మనిషి కాబట్టే ఆయనకు ఆ చూపు వచ్చిందని నా నమ్మకం.

అయితే మన వృత్తిలో ఒక తొందర ఉంది. ఏది రాసినా కళ్లకు కట్టాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. మొదటి పుస్తకంలో రుద్రమదేవి చివరి యుద్ధాన్ని, ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడి సైన్యాన్ని, స్పాట్‌లో నిలబడి చూసినట్టు రాశాను. గుర్రాల డెక్కల చప్పుడు కూడా పెట్టాను. పుస్తకం వచ్చిన నెలకు ఒక రిటైర్డ్ తెలుగు సారు మా ఇంటికొచ్చారు. చేతిసంచిలోంచి చందుపట్ల శాసనం జిరాక్స్ తీసి, మడతలు సాపు చేసి, వేలు పెట్టి లైను లైనూ నాతో చదివించారు. “ఇందుల యుద్ధం ముచ్చట యాడుంది బిడ్డా?” అన్నారు.

లేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలోని ఆ శాసనం 1289 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను దేవుడికి భూమి ఇచ్చాడని ఉంది. అంతే. రాణీ సేనానీ ఒకేసారి పోయారు కాబట్టి యుద్ధంలోనే అయ్యుంటుందని, అప్పుడు తిరగబడ్డ అంబదేవుడే కారణమని చరిత్రకారులు ఊహించారు. గట్టి ఊహే. నేను దాన్ని జరిగిన వార్తగా అచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో ముద్రణలో ఆ నాలుగు పేజీలు తీసేసి, శాసనం చెప్పింది వేరుగా, పండితులు అన్నది వేరుగా రాశాను. చదివేవాళ్ల ఆసక్తి ఏం తగ్గలేదు. అంత పెద్ద రాణి చనిపోయిందన్న కబురు ఒక చిన్న భూదానం రాయి వల్ల తెలిసిందా అని ఎంతమంది ఫోన్ చేశారో!

ఊళ్లు తిరిగే అలవాటు మాత్రం మనకు పెద్ద ఆస్తి. పాకాల చెరువు గురించి రాసేటప్పుడు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి వివరాలు ఎంత పనికొచ్చాయో, తూము దగ్గర పొలాలకు నీళ్లు వదిలే నీరటి చెప్పిన మాటలూ అంతే పనికొచ్చాయి.

మొదలుపెట్టాలనుకుంటే ఒకరోజు పొద్దున్నే వేయిస్తంభాల గుడికి వెళ్లండి. 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం అక్కడే ఉంది. ఏటవాలు ఎండలో అక్షరాలు తేలి కనిపిస్తాయి. భాష ఎక్కువగా సంస్కృతమే అయినా లిపిలో మన అక్షరాల పోలికలు దొరుకుతాయి. నోటుబుక్కులో ఒక పది దించుకుని రండి.