నాలుగు రోజుల ప్రాగ్‌కు ఈఎంఐ వద్దు, ఆరు రోజులకు ఆర్‌డీ మొదలుపెట్టండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హైదరాబాద్ రామచంద్రాపురంలో అమ్మతో ఉంటున్నాను. మందుల కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. చేతికి నెలకు 78,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చు 40,000, సిప్ 12,000, చీటీ 10,000. ఎఫ్‌డీ 4 లక్షలు, పొదుపు ఖాతాలో 70,000 ఉన్నాయి. మా నాన్నగారు బీహెచ్‌ఈఎల్‌లో చేసేవారు. 1960లలో శిక్షణకు చెకోస్లోవేకియాలోని పిల్సెన్ వెళ్లినప్పుడు ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీద దిగిన ఫొటో మా ఇంట్లో ఉంది. ఒక్కసారి అక్కడ నిలబడి రావాలని ఉంది. ఒంటరిగానే వెళ్తాను. ఒక ట్రావెల్ సంస్థ నాలుగు రోజుల ప్యాకేజీకి 2,45,000 చెప్పింది. 15 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ ఇస్తామంటోంది. తమ్ముడు ఎఫ్‌డీ తీసెయ్యమంటున్నాడు. లేకపోతే 3 లక్షల చీటీ ఇప్పుడే పాడుకోమంటారా? అసలు నాలుగు రోజుల కోసం ఇంత ఖర్చు తప్పా?

జవాబు: తప్పు కాదండీ. మీ వయసులో, మీ ఆదాయంతో, ఎవరికీ బాకీ లేకుండా ఇల్లు నడుపుతున్న మనిషి ఇలాంటి ప్రయాణానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. రామచంద్రాపురం కర్మాగారమే చెకోస్లోవేకియా సహకారంతో మొదలైంది. అక్కడికి వెళ్లి పని నేర్చుకుని వచ్చినవారి కూతురు ఆ ఊరు చూడాలనుకోవడం నాకు ఎంతో సహజంగా అనిపించింది. మార్చుకోవలసింది డబ్బు తెచ్చే దారి, రోజుల లెక్క. ఈ రెండే.

ముందు మూడు దారులకూ ఒక్కొక్క మాట. 2,45,000 రూపాయల ఈఎంఐ నెలకు సుమారు 22,100 పడుతుంది. మీ చేతిలో నెలకు మిగిలేది 16,000. అంటే తిరిగొచ్చాక ఏడాది పాటు సిప్‌కో చీటీకో కోత తప్పదు. వడ్డీ కిందే 20,000 పైచిలుకు పోతుంది. ఎఫ్‌డీ మీ ఇంటికి పది నెలల ఖర్చు. అమ్మగారి వయసు మీరు రాయలేదు కానీ 70 దాటి ఉంటారని అనుకుంటున్నాను. ఆ డబ్బు ఆవిడ కోసం, మీ ఉద్యోగానికి ఏదైనా అయితే మీ కోసం. దాన్ని కదిలించకండి. చీటీ సంగతీ అంతే. తొందరపడి ఎక్కువ తగ్గించి పాడుకుంటే ఆ తగ్గింపు మొత్తం మీ జేబులోంచే పోతుంది. అది చివరి వరకు నడవనివ్వండి.

ఇక అసలు లెక్క. యూరోను 105 రూపాయలుగా, ప్రాగ్ ఉన్న చెక్ రిపబ్లిక్ కరెన్సీ అయిన కొరునాను నాలుగు రూపాయలకు కాస్త పైగా పెట్టుకున్నాను. ప్యాకేజీ లేకుండా మీ అంతట మీరే వెళ్తే, సీజన్ కాని రోజుల్లో దుబాయ్ లేదా దోహా మీదుగా రానుపోను విమానానికి 68,000 అనుకుందాం. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు రుసుము 90 యూరోలు. సేవా రుసుము, ఫొటోలు, జిరాక్సులు కలిపి 12,000 పెట్టుకోండి. ప్రయాణ బీమాకు 2,000. ఈ 82,000 మీరు అక్కడ ఒక్కరోజు ఉన్నా, పది రోజులు ఉన్నా మారదు.

అక్కడి ఖర్చు రోజులను బట్టి పెరుగుతుంది. ఆరు రాత్రులకు శుభ్రమైన చిన్న హోటల్ గది 51,000, భోజనం 18,000, ట్రాములు, రైళ్లు 5,000, ప్రవేశ టికెట్లు 8,000. ఇదీ 82,000 అవుతుంది. మొత్తం 1,64,000. నాలుగు రాత్రులే ఉంటే అక్కడి ఖర్చు 57,000కు తగ్గి, మొత్తం 1,39,000 అవుతుంది. అంటే నాలుగు రోజుల ప్రయాణంలో రోజు విలువ దాదాపు 35,000. ఆపైన కలిపే రెండు రోజులకు అయ్యేది రోజుకు 12,500 మాత్రమే. దూరప్రయాణంలో మొదటి రోజు ఎప్పుడూ ఖరీదైనదే, చివరి రోజు చౌకైనది. అందుకే నాలుగు రోజులు వద్దు, ఆరు రోజులు ఉండండి. ఒక రోజు పిల్సెన్‌కు వెళ్లి రండి. ప్రాగ్ నుంచి రైల్లో గంటన్నర. నాన్నగారు నెలల తరబడి ఉన్న ఊరు అదే అయినప్పుడు, వంతెన ఒక్కటే చూసి వెనక్కి వస్తే మీకు తీరని వెలితి మిగులుతుంది.

ఒంటరి ప్రయాణంలో డబ్బు పరంగా ఒక ఇబ్బంది ఉంది. గది అద్దె పంచుకునేవారు ఉండరు, కార్డు పోతే చేబదులు ఇచ్చేవారు కూడా ఉండరు. కాబట్టి 1,64,000 పైన చలికోటు, బూట్లకు 6,000, ముట్టుకోకుండా ఉంచే అత్యవసర నిధి 35,000 కలపండి. మొత్తం 2,05,000. ఆ 35,000 ఖర్చు కాకుండా తిరిగి వస్తే అమ్మగారి పేరున వేసేయండి.

పొదుపు ఖాతాలో ఉన్న 70,000 ఇప్పటికే సిద్ధం. మీ జీతం పడే బ్యాంకులోనే నెలకు 13,500 చొప్పున పది నెలల ఆర్‌డీ తెరవండి. 1,35,000 అవుతుంది. వడ్డీ అదనం. సిప్ ఆగదు, చీటీ ఆగదు. పది నెలల్లో కావలసిన డబ్బును ఈక్విటీ ఫండ్‌లో పెట్టమని ఎవరు చెప్పినా వినకండి. మార్కెట్ పడినప్పుడు విమానం మీ కోసం ఆగదు. ఇందులో మరో మేలు కూడా ఉంది. వీసా దరఖాస్తుతో బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. తమ్ముడి దగ్గర రెండు లక్షలు తెచ్చి నెల ముందు ఖాతాలో వేస్తే అది స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నెలనెలా జీతం, ఆర్‌డీ, సిప్ వరుసగా కనిపించే ఖాతాకు వేరే సంజాయిషీ అక్కర్లేదు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, పదిహేను రోజుల ముందు వరకే తీసుకుంటారు. రెండు మూడు నెలల ముందు ఇచ్చేస్తే మనసు స్థిమితంగా ఉంటుంది. వీసా రాకపోయినా రుసుము తిరిగి ఇవ్వరు. అందుకే రద్దు చేసుకునే వీలున్న హోటలే బుక్ చేయండి. వీసా చేతికొచ్చేదాకా, డబ్బు వెనక్కి రాని విమాన టికెట్ కొనకండి. బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు ఉండాలి. అది వీసా నిబంధన.

మీరు అడగలేదు కానీ నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న విషయం కొరునా. చెక్ రిపబ్లిక్ షెంజెన్‌లో ఉంది కానీ యూరో తీసుకోలేదు. విదేశీ డబ్బు ముందే నింపుకుని వాడే ఫారెక్స్ కార్డులు మన దగ్గర దొరుకుతాయి కానీ, వాటిలో చాలావాటిలో చెక్ కరెన్సీ ఉండదు. యూరోలు వేయించుకుని వెళ్తే రూపాయి యూరో అయినప్పుడు ఒకసారి, యూరో కొరునా అయినప్పుడు మరోసారి కోత పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ వాడకంపై 3.5 శాతం మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. కలిపితే 4.13 శాతం. మీరు అక్కడ పెట్టే 82,000 మీద దాదాపు 3,400 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డులు ఉన్నాయి. ఇప్పుడే ఒకటి తీసుకోండి, పది నెలల సమయం ఉంది కదా. వేరే బ్యాంకు డెబిట్ కార్డు ఒకటి విడిగా, వేరే సంచిలో పెట్టుకోండి. రెండింటికీ విదేశీ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టి వెళ్లండి.

అక్కడ దుకాణంలోనో ఏటీఎంలోనో యంత్రం మిమ్మల్ని అడుగుతుంది: రూపాయల్లో కడతారా, కొరునాల్లోనా అని. రూపాయల అంకె చూడగానే మనకు ప్రాణం లేచివస్తుంది. అది నొక్కకండి. ఎప్పుడూ కొరునాలే. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటు ఆ యంత్రం నడిపేవారు వేసిందే అవుతుంది. మన బ్యాంకు కూడా పైన రుసుము వేయవచ్చు.

చేతి ఖర్చుకు 150 యూరోల నోట్లు చాలు. వాటిని కూడా వీధి మలుపులో పలకరించే మనిషి దగ్గర మార్చకండి. చెల్లని వేరే దేశపు నోట్లు అంటగట్టే మోసం ఆ ఊళ్లో పాతదే. మారకపు దుకాణంలోనూ బోర్డు మీద పెద్దక్షరాలు చూసి లోపలికి వెళ్లకండి. 200 యూరోలకు బ్యాంకు లెక్కన 4,800 కొరునాలు రావలసిన చోట 3,800 చేతిలో పెట్టారనుకోండి, నాలుగు వేల రూపాయలు పైనే నష్టం. రేటు కాదు, చివరికి చేతికొచ్చే కొరునాలెన్ని అని అడగండి. ఒకవేళ మోసపోయినా, 1,000 యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి అక్కడి చట్టంలో ఉంది. రసీదు పారేయకండి.

ప్యాకేజీ గురించి ఇంకో మాట. విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అన్ని నెలలూ మీ డబ్బు అక్కడే ఉంటుంది. విడిగా విమానం, హోటల్ బుక్ చేసుకునేవారికి, ఏడాదికి 10 లక్షల లోపు విదేశాలకు పంపే డబ్బుపై ఆ బాధ లేదు.

ఊళ్లో ఖర్చు తగ్గించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. పాత పట్నం నడిబొడ్డున కాకుండా వినోహ్రాడీ వైపు గది తీసుకోండి. మెట్రో, ట్రాము రెండూ ఉన్నాయి. విమానాశ్రయం నుంచి 59 నంబరు ట్రాలీబస్సు ఎక్కి, దిగగానే మెట్రో అందుకోవచ్చు. టికెట్‌ను ఎక్కగానే పసుపు పెట్టెలో ముద్ర వేయించడం మరచిపోతే జరిమానా. పనిరోజుల్లో మధ్యాహ్నం చాలా హోటళ్లలో రోజువారీ భోజనం తక్కువ ధరకు ఉంటుంది, కడుపునిండా అప్పుడు తినండి. పాత పట్నం కూడలి బండ్ల దగ్గర పంది మాంసం ధర 100 గ్రాములకు రాసి ఉంటుంది. పళ్లెం ధర అనుకుని తీసుకున్నవారు బిల్లు చూసి కంగారుపడతారు. ప్రాగ్ కోట ప్రాంగణంలోకి ప్రవేశం ఉచితం. సెయింట్ వీటస్ కెథడ్రల్, రాజప్రాసాదం లోపల చూడటానికే టికెట్, అది రెండు రోజులు చెల్లుతుంది. 22 నంబరు ట్రాము కోట దగ్గరే దింపుతుంది.

పాత పట్నం కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం కింద గంట గంటకూ జనం గుమిగూడతారు. అస్థిపంజరం గంట కొడుతుంది, దాని అవతలి పక్కన డబ్బు సంచి పట్టుకున్న పిసినారి బొమ్మ కదులుతుంది. చూడటానికి పైసా అక్కర్లేదు. తలలన్నీ పైకెత్తి ఉన్నప్పుడే జేబుదొంగలు పని చేసుకుంటారు కనుక సంచి ముందుకు వేసుకుని చూడండి.

వంతెనకు మాత్రం తెల్లవారగానే వెళ్లండి. 1357లో పునాది వేసిన ఆ రాతి వంతెన మీద పగలు నిలబడటానికి చోటు ఉండదు. పొద్దున్నే అయితే 30 విగ్రహాల మధ్య మీరు, కింద వల్తవా నది, అంతే. నాన్నగారి వెనక ఏ విగ్రహం ఉందో ఫొటోలో చూసి ముందే గుర్తుపెట్టుకోండి. అసలు ఫొటో బీరువాలో ఉంచి, ఈ వారంలోనే రెండు నకళ్లు తీయించండి. ఆ పనిమీదే వెళ్లినప్పుడు పాస్‌పోర్టు గడువు కూడా చూడండి. షెంజెన్ నుంచి తిరిగి బయలుదేరే రోజు తర్వాత మూడు నెలలైనా మిగిలి ఉండాలి.