వి-డ్రైవ్ స్పీడ్ బోటులో ఇంజను, డ్రైవ్ పెట్టె, షాఫ్టు: ఏది ముందు బిగించాలి?

శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి వెళ్లి గల్ఫ్‌లోని ఒక బోటు యార్డులో ఫిట్టరుగా చేరానని, విప్పి ఉంచిన వి-డ్రైవ్ స్పీడ్ బోటులో వి-8 పెట్రోలు ఇంజనును, డ్రైవ్ పెట్టెను, షాఫ్టును తిరిగి బిగించే పని తనకు అప్పగించారని ఒక సోదరుడు రాశారు. ముందు ఇంజను దింపి మిగతావి దానికి సరిపెట్టాలా, మరో క్రమం ఏదైనా ఉందా అన్నది ఆయన ప్రశ్న. నేను సంతబొమ్మాళి వైపు వాడిని. అటువంటి యార్డులోనే ఏళ్ల తరబడి ఈ పని చేసి వచ్చాను. ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటూ, పిలుపు వచ్చినప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బరులో ట్రాలర్ల షాఫ్టు పనులకు వెళుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: పనిని ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టి ముందుకు రండి. ఇంజను చివరిగా దిగాలి.

భావనపాడులోనూ కళింగపట్నంలోనూ మనం చిన్ననాటి నుంచి చూసిన ఫైబర్ బోట్లను ఇసుక మీదికి లాగాలి కాబట్టి వాటి ఇంజనును వెనుక తగిలించి, ఒడ్డు చేరగానే పైకి ఎత్తేస్తారు. అడుగున షాఫ్టు ఉండదు. అందువల్ల వి-డ్రైవ్ అమరిక మన ప్రాంతం నుంచి వెళ్లిన ఫిట్టర్లకు మొదట్లో తికమకగా కనిపిస్తుంది. ఇందులో ఇంజను బోటు వెనుక భాగంలో తిరగేసి కూర్చుంటుంది, అంటే దాని పుల్లీల వైపు వెనక్కి, ఫ్లైవీల్ వైపు ముందుకు ఉంటాయి. శక్తి ముందుగా బోటు ముక్కు వైపు వెళ్లి డ్రైవ్ పెట్టెలో చేరుతుంది. అక్కడ గేర్ల ద్వారా దిశ మారి, ఇంజను కిందుగా ఏటవాలుగా సాగే షాఫ్టు ద్వారా వెనుక ఉన్న ప్రొపెల్లర్‌కు అందుతుంది.

ఈ మొత్తంలో మీరు జరపలేనిది షాఫ్టు గీత ఒక్కటే. అడుగున షాఫ్టును పట్టి ఉంచే స్ట్రట్టు అనే కాలు, షాఫ్టు బోటులోంచి బయటకు వెళ్లే స్టెర్న్ ట్యూబు అనే గొట్టం కలిసి ఆ గీతను ముందే నిర్ణయించేశాయి. పెట్టెనూ ఇంజనునూ మాత్రం పైకీ కిందికీ పక్కలకూ జరపవచ్చు. గోడ కట్టే మేస్త్రి ముందు దారం లాగి, ఇటుకలను దారానికి సరిచూస్తాడు తప్ప దారాన్ని ఇటుకలకు సరిచూడడు కదా, ఇక్కడ షాఫ్టే ఆ దారం. పైగా ఇంజను దిగిన తరువాత దాని కింద, షాఫ్టు వెంట నీరు లోపలికి రాకుండా ఆపే గ్లాండుకూ షాఫ్టుకూ చేయి పట్టదు.

కనుక మొదట స్ట్రట్టులోని రబ్బరు బేరింగును చూడండి. షాఫ్టును చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి, పైకీ కిందికీ ఊపితే ఎక్కువ ఆట (వదులు) కనిపించకూడదు. ఈ బేరింగుకు నీరే నూనె, గ్రీజు పెట్టరాదు, బోటు ట్రెయిలర్ మీద ఉండగా షాఫ్టును ఇంజనుతో తిప్పరాదు. ప్రొపెల్లర్ కూర్చునే టేపరుకు, అంటే షాఫ్టు చివర క్రమంగా సన్నబడే భాగానికి, సన్నని గ్రైండింగ్ పేస్టు రాసి, మచ్చ అంతటా సమంగా పడేవరకు రుద్ది, పేస్టును పూర్తిగా కడిగేయండి. ఆ తరువాత కీ (షాఫ్టు మీద ప్రొపెల్లర్ జారి తిరగకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్క) లేకుండా ప్రొపెల్లర్‌ను ఎక్కించి అది ఎంతవరకు వెళ్లిందో షాఫ్టు మీద గుర్తు పెట్టండి, తీసి కీతో మళ్లీ ఎక్కించండి. రెండోసారి ఆ గుర్తు దాకా రాలేదంటే ప్రొపెల్లర్ టేపరు మీద కాక కీ మీద కూర్చుంటోందని అర్థం. అటువంటి ప్రొపెల్లర్ పక్కకు ఒరిగి తిరుగుతుంది. ఆ వణుకుకు కారణం ఎవరూ కీ దగ్గర వెతకరు, అందరూ ఇంజనునే అనుమానిస్తారు.

తరువాత డ్రైవ్ పెట్టె. ప్రొపెల్లర్ నీటిని తోసే బలమంతా షాఫ్టు గుండా వచ్చి ఈ పెట్టె బేరింగు మీద పడి, అక్కడి నుంచి బోటు అడుగున పొడవునా సాగే దూలాలకు, అంటే స్ట్రింగర్లకు, చేరుతుంది. బోటును ముందుకు నెట్టేది ఈ చోటే కాబట్టి, పెట్టె కాళ్ల కింద కుళ్లిన చెక్క గాని, పగిలిన ఫైబర్ గాని ఉంటే ముందు దానిని బాగుచేయండి. ఇక షాఫ్టు ఫ్లాంజును (బోల్టులతో కలిపే గుండ్రని పళ్లెం) పెట్టె ఫ్లాంజు దగ్గరకు తీసుకువచ్చి బోల్టులు వేయకుండా నాలుగు వైపులా ఫీలర్ గేజుతో, అంటే సందు కొలిచే పలుచని రేకులతో, సందు కొలవాలి. ఫ్లాంజు వ్యాసం ఎన్ని అంగుళాలో అన్ని థౌలకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించి తేడా ఉండకూడదన్నది యార్డుల్లో పాటించే కొలత. నాలుగు అంగుళాల ఫ్లాంజుకు నాలుగు థౌలు, అంటే సుమారు 0.1 మిల్లీమీటరు. షాఫ్టు చివర గాలిలో వేలాడుతూ ఫ్లాంజు బరువుకు కిందికి ఒంగుతుంది కాబట్టి, ఆ బరువునూ, వేలాడే షాఫ్టు బరువులో సగాన్నీ స్ప్రింగు త్రాసుతో పైకి ఎత్తి పట్టి కొలిస్తేనే నిజమైన అంకె తెలుస్తుంది.

తేడా కనిపించగానే షిమ్ములు (పెట్టె కాళ్ల కింద ఎత్తు సరిచేసే పలుచని రేకులు) వేయడం మొదలుపెట్టకండి. సందు ఎక్కువగా ఉన్న చోట షాఫ్టు ఫ్లాంజు మీద సుద్దతో గుర్తు పెట్టి, పెట్టెను కదల్చకుండా షాఫ్టును మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్కువ సందు ఆ గుర్తుతో పాటు తిరిగి వెళితే దోషం ఫ్లాంజులోనో షాఫ్టు వంపులోనో ఉంది, ఎన్ని షిమ్ములు వేసినా అది పోదు. సందు మొదట ఉన్న చోటే, ఉదాహరణకు పైభాగంలోనే, నిలిచి ఉంటే అప్పుడు పెట్టెను జరపాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా రోజంతా షిమ్ములతో కుస్తీ పట్టిన మంచి పనివాళ్లను నేను చూశాను.

ఇంజనుకూ పెట్టెకూ మధ్య విడి షాఫ్టు ఉండే రకమైతే దానికి రెండు యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. వాటిని తిన్నగా ఒకే గీతలో పెట్టకూడదు. ఒకటి నుంచి మూడు డిగ్రీల కోణం ఉంటేనే లోపలి నీడిల్ బేరింగులు దొర్లుతాయి. కోణం సున్నా అయితే అవి కదలక ఒకేచోట నొక్కుకుని గాట్లు పడతాయి. రెండు చివరల కోణాలూ సమానంగా, జాయింట్లలోని రెండు యోకులూ (ఫోర్కు ఆకారపు ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి. ఆ షాఫ్టు చుట్టూ బలమైన ఉక్కు కడియాలు తప్పనిసరిగా బిగించండి. జాయింటు తెగితే ఆ వేగంలో తిరిగే షాఫ్టు బోటు అడుగును చీల్చగలదు, పక్కనున్న మనిషినీ గాయపరచగలదు. యజమాని వద్దన్నా ఈ విషయంలో పట్టు వదలవద్దని నా విన్నపం.

ఇంజను దింపే ముందు అది ఏ వైపు తిరుగుతుందో, పెట్టెలోని గేర్లు ఆ దిశను మారుస్తాయో లేదో చూసి, ప్రొపెల్లర్ దానికి తగినదో కాదో సరిచూసుకోండి. బోటు వెనుక నిలబడి ముందుకు చూసినప్పుడు, ముందుకు నడిచే గేరులో గడియారం ముల్లులా తిరిగితే అది కుడిచేతి ప్రొపెల్లర్. ఇంజను ఏటవాలుగా కూర్చుంటుంది కనుక ఆయిల్ డిప్‌స్టిక్ గుర్తును కొలిచి పోసిన నూనెతో కొత్తగా పెట్టాలి, కార్బురేటర్ మాత్రం మట్టంగా ఉండాలి.

ఇంజనుకు కారు భాగాలు వాడవచ్చా అని కూడా ఆ సోదరుడు అడిగారు. స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు, పెట్రోలు పంపు మెరైన్ రకానివే వాడండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, అది బోటు అడుగున నిలిచిపోతుంది. మెరైన్ భాగాలను లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా తయారుచేస్తారు, కారు భాగాలకు ఆ రక్షణ లేదు. స్టార్టు చేసే ముందు, ఆ ఆవిరిని బయటకు తోసే బ్లోయరును కనీసం నాలుగు నిమిషాలు నడపాలి. వేగం కోసం ఎక్కువ ఓవర్‌లాప్ (ఇన్‌లెట్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఉన్న క్యామ్‌షాఫ్టు వేశారంటే మరో జాగ్రత్త అవసరం. నెమ్మదిగా నడిచేటప్పుడు అటువంటి ఇంజను ఎగ్జాస్టులోని నీటిని సిలిండర్లలోకి వెనక్కి లాగుతుంది. అందుచేత ఎగ్జాస్టు రైజర్లలో (పైకి లేచే గొట్టాల్లో) నీరు కలిసే చోటు ఇంజనుకు వీలైనంత దూరంగా, దిగువగా ఉండాలి.

ఒడ్డున కుదిరిన అలైన్‌మెంటును తాత్కాలికమనే భావించండి. ట్రెయిలర్ మీద బరువంతా కొన్ని చోట్ల మీదే ఆనుతుంది, నీటిలో అడుగంతా ఆనుతుంది, దానితో బోటు ఆకారం కొద్దిగా మారుతుంది. విశాఖలో ట్రాలరు స్లిప్‌వే దిగిన తరువాత మేము కప్లింగును (ఫ్లాంజుల జోడింపును) మళ్లీ విప్పి కొలిచేది కూడా ఇందుకే. మీ బోటును నీటిలో ఒక రోజైనా ఉంచి, ట్యాంకుల్లో మామూలుగా ఉండే పెట్రోలు నింపి, ఫ్లాంజు సందు మళ్లీ కొలిచి, అప్పుడే కప్లింగు బోల్టులను చివరి బిగింపు బిగించండి. మొదటి పరుగులో డ్రైవ్ పెట్టె వేడినీ, గ్లాండునూ గమనిస్తూ వేగాన్ని మెల్లగా పెంచండి. సాధారణ ప్యాకింగ్ గ్లాండు అయితే షాఫ్టు తిరిగేటప్పుడు అప్పుడప్పుడు ఒక చుక్క కారాలి, పూర్తిగా ఆగేలా బిగిస్తే షాఫ్టు కాలిపోతుంది. ఒడ్డుకు వచ్చాక ఇంజను మౌంటింగులూ కప్లింగు బోల్టులూ మరోసారి చూడండి. అప్పటికీ వణుకు ఉంటే ఫ్లాంజు దగ్గర నాలుగు వైపులా వచ్చిన అంకెలనూ, ఏ ఆర్‌పీఎం దగ్గర వణుకు మొదలవుతోందో అదీ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.