పేనుకొరుకుడు: రెండు మందులూ ఒకే సీసాలో కలపొచ్చా?

పేనుకొరుకుడు మచ్చలకి డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీమ్, జుట్టు మొలిపించే మినాక్సిడిల్ లోషన్ కలిపేసి ఒకేసారి రాసుకోవచ్చా, అలాంటి సీసా ఎందుకు తయారు చేయరు అని అడిగారు. పైపూత మందులు తయారుచేసే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ మచ్చలు నాకూ వచ్చాయి.

ఇంట్లో మాత్రం కలపకండి. నేను ల్యాబ్‌లో కలిపి చూశాను. మినాక్సిడిల్ నీళ్లలో మిల్లీలీటరుకి రెండు మిల్లీగ్రాముల చిల్లర కరుగుతుంది, అంతే. 5 శాతం లోషన్ అంటే 50 మిల్లీగ్రాములు. అందుకే ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి కరిగిస్తారు. దాన్ని నీళ్లు ఎక్కువున్న క్రీమ్‌లో కలిపి, గాజు పలక మీద పల్చగా పూసి వదిలేశాను. పొద్దున్నకి ఆల్కహాల్ ఆరిపోయి క్రీమ్ విరిగింది. మైక్రోస్కోప్ కింద సూదుల్లాంటి స్ఫటికాలు. వేలితో రుద్దితే సన్న ఇసుకలా గరగర. అలా గడ్డకట్టిన మందు చర్మంలోకి దిగదు, దువ్వెనకి అంటుకుని పోతుంది.

స్టెరాయిడ్ పేచీ వేరు. బీటామెథసోన్ వాలరేట్‌నే తీసుకోండి. మిశ్రమం క్షారం వైపు వెళ్తే ఆ అణువులో వాలరేట్ ముక్క 17వ స్థానం నుంచి 21కి జరిగిపోతుంది, పవర్ పడిపోతుంది. చూపుకి, వాసనకి ఏ తేడా తెలియదు.

ఇవన్నీ సర్దుకున్నా లోతు సమస్య ఉంది. పేరులో ఉన్నా దీంట్లో పేను పాత్రేమీ లేదు. మన రోగనిరోధక కణాలే వెంట్రుక కుదురు చుట్టూ తేనెటీగల్లా మూగుతాయి. ఆ కుదురు తలలో 3-4 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. పైన రాసింది అంత దూరం దిగడం కష్టం. చిన్న మచ్చలకి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. జాక్ ఇన్హిబిటర్ల (ఆ రోగనిరోధక కణాల దాడిని అణిచే మందులు) కథా ఇంతే. తీవ్రమైన పేనుకొరుకుడుకి బారిసిటినిబ్ మాత్రలని అమెరికా ఎఫ్‌డీఏ 2022లో అనుమతించింది. అదే కోవకి చెందిన రుక్సోలిటినిబ్ 1.5 శాతం క్రీమ్ బొల్లికి పనికొచ్చింది కానీ, పేనుకొరుకుడు ట్రయల్‌లో మందు లేని ఉత్త క్రీమ్‌ని మించలేకపోయింది.

ఇక నా సంగతి. రెండు మచ్చలు, మాడు మీద ఒకటి, చెవి వెనక ఒకటి. మాడు మీద రాత్రి క్లోబెటసోల్ అనే స్టెరాయిడ్, పొద్దున మినాక్సిడిల్, విడివిడిగా. ల్యాబ్ బుద్ధి పోక చెవి వెనక దాన్ని ఊరికే వదిలేశాను (డాక్టర్ తిట్టారు). మూడో నెలలో మాడు మీద తెల్లటి నూగు! సంబరంగా అద్దం తిప్పి చూస్తే చెవి వెనకా అదే నూగు. చిన్న మచ్చలు చాలామందికి వాటంతటవే పూడిపోతాయి. ఉత్త క్రీమ్‌తో పోల్చకుండా ఏ మిశ్రమాన్నీ నమ్మలేనిది ఇందుకే.

మీరూ విడివిడిగానే రాసుకోండి. స్టెరాయిడ్ ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడగండి, ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడుతుంది. కొత్త వెంట్రుకలు తెల్లగా వస్తే టెన్షన్ పడకండి. నావి మెల్లగా నల్లబడ్డాయి, చెవి వెనకవే కాస్త ముందు.