యువ రచయితకు లేఖ: ముందు తలుపు చూపించు
శ్రీకాకుళం

తమ్ముడూ,

నీ వ్యాసంలో "సంకేతం వచ్చి జన్యువును పనిచేయిస్తుంది" అన్న వాక్యం నాలుగు చోట్ల ఉంది. నాలుగూ కొట్టెయ్. నువ్వెంచుకున్న పండ్ల ఈగ పిండంలో జరిగేది వేరు. జన్యువును నడిపే ప్రోటీన్లు అక్కడ ముందే ఉన్నాయి, దాన్ని నొక్కిపెట్టే ప్రోటీనూ ఉంది. చెరువు నిండుగా ఉంది, మదుము తలుపు దించి ఉంది. ముందు ఆ తలుపు చూపించు. ఎత్తే చెయ్యి తర్వాత.

ఆ చెయ్యి టోర్సో అనే గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్. ఈ గ్రాహకం పిండం పైపొరంతా సమంగానే ఉంటుంది, కానీ దాన్ని లేపే ట్రంక్ ప్రోటీన్ చురుకయ్యేది రెండు కొనల దగ్గరే. అక్కణ్ణించి సంకేతాన్ని ఒకదాన్నుంచి ఒకటి అందుకునే ప్రోటీన్లు వరుసగా రాస్, రాఫ్, మెక్, ఇఆర్‌కె. ఈ ఇఆర్‌కె, కాపిక్యువా అనే అణచివేత ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కొనల దగ్గరి కేంద్రకాల్లో కాపిక్యువా తగ్గిపోయి టెయిల్‌లెస్ జన్యువు పనిలోకి దిగుతుంది. నడుమ కాపిక్యువా గట్టిగానే ఉంటుంది కనుక అక్కడది లేవదు.

టెయిల్‌లెస్ అనే పేరు చూసి, తోకను ఆపే జన్యువని రాశావు. తలకిందులు. ఈగ జన్యువులకు చాలావాటికి, చెడిపోతే ఏం కనిపిస్తుందో దాన్నిబట్టి పేరు పెట్టారు. టోర్సో లేకపోతే కొనలు పోయి మొండెం మిగులుతుంది. కాపిక్యువా లేకపోతే మొండెం పోయి తలా తోకా మిగులుతాయి, కాటలాన్ భాషలో ఆ మాటకు అర్థమే అది. ఈ జంటను పక్కపక్కన పెడితే చాలు, సగం వ్యాసం అదే చెబుతుంది. ఒక్క జాగ్రత్త: ఈ రెండు జన్యువులూ చెడవలసింది తల్లి ఈగలో. గుడ్డులో వీటి సరుకు తల్లి పెట్టిందే.

ఇంకో ప్రశ్న తప్పక వస్తుంది. అర మిల్లీమీటరు గుడ్డులో కేంద్రకాలు 13 సార్లు విభజన చెంది సుమారు 6,000 అయ్యేదాకా వాటి మధ్య గోడలుండవు. కణాలే లేకుండా కణ సంకేతమేమిటని అడుగుతారు. సంకేతం అందేది గుడ్డు పైపొరకని మొదటి పేరాలోనే చెప్పెయ్.

సంకేతం ఎప్పుడూ తలుపు ఎత్తుతుందని మాత్రం రాయకు. పొట్ట వైపు టోల్ అనే మరో గ్రాహకం సంకేతం డోర్సల్ ప్రోటీన్‌ను కేంద్రకంలోకి పంపుతుంది. అది ట్విస్ట్ అనే జన్యువును లేపుతుంది, అక్కడే గ్రౌచో అనే ప్రోటీన్ తోడుతో జెన్ అనే జన్యువును అణచేస్తుంది. అణచడమంటే చెరిపెయ్యడం కాదు, జన్యువు చెక్కుచెదరదు. "నాశనం" అన్న మాట ఆరో పేరాలో ఉంది, తీసేసి పంపు.

అన్నయ్య