ఉద్దెర పుస్తకం, సగం దించిన షటర్

"కరోనా టైములో దూరంగా ఉన్నవాళ్లతో ఎట్లా టచ్‌లో ఉన్నారు? వైరస్ ఎట్లా పాకుతుందో మీకు నిజంగా అర్థమైంది ఎప్పుడు?" అని అడిగారు. రెండింటికీ నా దగ్గరున్న జవాబు ఒక్కటే: మా షాపు ఉద్దెర పుస్తకం. అట్ట చిరిగిపోయిన లాంగ్ నోట్‌బుక్కు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది.

నాది నల్గొండ జిల్లా దేవరకొండ. మొబైల్ రిపేరు, రీఛార్జి షాపు. మా చుట్టూ తండాలు ఎక్కువ. ఇంటికొకరు హైదరాబాద్‌లో ఆటో నడుపుతుంటారు, లేదంటే పుణెకో ముంబైకో సెంట్రింగు పనికి పోయుంటారు. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం కీప్యాడ్ ఫోన్లే. అవి ఆగాయంటే ఆ ఇంట్లో కొడుకు గొంతు వినబడటం ఆగినట్టే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు, 25 నుంచి దేశమంతా. షాపు మూసినా రీఛార్జికి షటర్‌తో పనేముంది? ఇంట్లో కూర్చునే వేసేవాణ్ని. "అన్నా, మావోడు పుణెల ఉండు, 49 వెయ్యి, పైసలు తర్వాత ఇస్త" అని ఫోన్లు. కొన్ని కంపెనీలు వ్యాలిడిటీ పొడిగించి 10 రూపాయల టాక్‌టైమ్ కూడా ఇచ్చాయిగానీ, అది ఎన్నాళ్లొస్తుంది! పేరు, నంబరు, తారీకు, రూపాయలు పుస్తకంలో రాసుకుంటూ పోయాను. ఏప్రిల్ అయిపోయేసరికి పద్నాలుగు పేజీలు నిండాయి.

ఆ రోజుల్లో కాలర్ ట్యూన్ గుర్తుందా? ఫోన్ కలవకముందే ఖళ్లుఖళ్లుమని దగ్గు, ఆ తర్వాత జాగ్రత్తలు. మా ఇంటి వెనక తండాలో ఒక ముసలామె ఉంది, నేను యాడీ అని పిలుస్తా, లంబాడీలో అమ్మ అని. ఒకరోజు ఏడ్చుకుంటూ వచ్చింది. "మావోనికి అంటుకుంది కొడకా, ఫోన్ జేస్తే దగ్గుతనే ఉండు" అంది. అది రికార్డింగు అని చెప్తే నమ్మదే! ఆమె ముందరే మా బావకు కొట్టి స్పీకర్ ఆన్ చేశాను. అదే దగ్గు. మా తమ్ముడికి కొట్టాను. మళ్లీ అదే దగ్గు. "ఇది గవర్నమెంటు దగ్గు యాడీ, మీవోనిది కాదు" అంటే అప్పుడు నవ్వింది.

ఆ కొడుకు మే నెలలో కొంత నడిచి, కొంత ఉల్లిగడ్డల లారీ ఎక్కి వచ్చాడు. జహీరాబాద్ దగ్గర ఆపి, చేతి మీద ముద్ర వేసి, 14 రోజులు ఇంటిపట్టున ఉండమని పంపారు. తండాలో ఉన్నది ఒక్క అర్ర ఇల్లు, అందులో ఆరుగురు. యాడి ఏం చేసిందంటే కొడుకును బాయికాడ మోటరు రూములో పెట్టింది. పూటపూటకు గట్టు మీద సద్ది పెట్టి వెనక్కొచ్చి చెట్టు కింద కూర్చునేది. వాడు వచ్చి తీసుకుని తినేవాడు. ఇద్దరి మధ్య యాభై అడుగులుండదు, ఒకరికొకరు కనబడుతుంటారు, అయినా ఫోన్‌లోనే మాట్లాడుకునేవాళ్లు. అరిస్తే వినబడుతుంది కదా అంటే, "అరుస్తే తుంపర్లు పడ్తయంట గద" అంది. చదువుకున్నోళ్లమని చెప్పుకునే మా ఇంట్లో కూడా అంత పద్ధతిగా ఎవరూ చేయలేదు. అప్పటి వైరస్ ఒంట్లోకి పోయాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా అయిదు రోజులు, కొందరికి పద్నాలుగు దాకా పట్టేది. ఆ 14 అంకె అక్కడినుంచి వచ్చిందే.

మాకు వైరస్ మీద అప్పుడున్న అవగాహనంతా చేతులు, వస్తువులు. సూర్యాపేట మార్కెట్ నుంచి కేసులు బయటపడ్డాయి అనగానే మా అమ్మ కూరగాయల్ని ఉప్పునీళ్లలో, పసుపునీళ్లలో నానబెట్టడం మొదలుపెట్టింది. మా జిల్లావాళ్లకు కంటికి కనబడనిది ఒంట్లోకి పోవడం కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంగినోళ్లను చూస్తూ పెరిగాం. పటిక, సున్నం వేసి ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. అందుకేనేమో, దేన్ని తాగుతున్నాం, దేన్ని తాకుతున్నాం అని చూశాం తప్ప పీల్చే గాలి సంగతి ఎవరికీ తట్టలేదు.

నేనైతే వచ్చిన ప్రతి ఫోన్‌నూ శానిటైజర్‌తో కడిగినంత పని చేశాను. అంచుల్లోంచి లోపలికి దిగి రెండు ఫోన్లకు డిస్‌ప్లే కింద మచ్చలొచ్చాయి. కొత్త డిస్‌ప్లేలు నా చేతి పైసలతో వేసిచ్చాను. తర్వాత 2021 ఏప్రిల్‌లో అమెరికాలో జబ్బుల నియంత్రణ చూసే సర్కారు సంస్థ సీడీసీ లెక్కగట్టి చెప్పింది, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువ అని. ఆ ముక్క ఒక ఏడాది ముందు తెలిస్తే నాకు రెండు డిస్‌ప్లేల ఖర్చు మిగిలేది.

ఇక అసలు కథ 2021 మేలో. 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకానే షాపులు. ఆ వారంలోనే ఒక గురువారం, పది కావస్తుండగా జీపు సైరన్ వినబడింది. నేను గబుక్కున షటర్ సగానికి పైగా దించేశాను. లోపల నలుగురం ఇరుక్కున్నాం: నేను, డిస్‌ప్లే మార్పించుకోవడానికొచ్చిన ఒక టీచర్ సారు, హైదరాబాద్‌లో ఆటో బంద్ చేసుకుని ఊరికొచ్చిన ఒక పిల్లగాడు, నా దగ్గర పని నేర్చుకునే చోటు. చోటు అంటే వాడి పేరు కాదు, పొట్టిగా ఉంటాడని పిలుపు. రూము ఎనిమిదడుగులకు పది. జీపు చౌరస్తాలోనే నిలబడింది. నలభై నిమిషాలు బయటికి పోలేదు మేం. ఊరికే కూర్చోవడమెందుకని ఆటో పిల్లగాడి ఫోన్ ఛార్జింగ్ పిన్ మార్చడం మొదలుపెట్టాను.

సోల్డరింగ్ చేస్తే, అంటే వేడి ఐరన్‌తో పిన్ను అతికిస్తే, దానికి పూసే పేస్ట్ కాలి తెల్లటి పొగ లేస్తుంది. మామూలుగా షటర్ పైకి ఉంటుంది కాబట్టి ఆ పొగ ఎటు పోతుందో ఎప్పుడూ గమనించలేదు. ఆ రోజు ట్యూబ్‌లైట్ కింద పొరపొరలుగా నిలిచిపోయింది. ఫ్యాన్ తిప్పితే అదే పొగ తిరిగి తిరిగి మా మొహాల మీదికే వచ్చింది. సారు దగ్గి, "ఏందయ్యా, ధూపం వేస్తున్నవా" అని మాస్కు గడ్డం కిందికి లాగి నవ్వాడు. మాస్కు లాగింది ఆయనొక్కడే కాదు. ఉక్కకు అందరం లాగేశాం.

సోమవారం పొద్దున షాపు తెరిచి ఐరన్ వేడి చేస్తే పేస్ట్ వాసన రాలేదు. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. లేదు. పదేళ్లుగా బట్టల్లోంచి కూడా పోని వాసన అది! సాయంత్రానికి ఒళ్లు నొప్పులు, మర్నాడు ప్రభుత్వ దవాఖానలో యాంటిజెన్ పరీక్ష, పాజిటివ్. అక్కడి నర్సమ్మ ఒక మాట చెప్పింది. "లక్షణాలు మొదలైన రోజు నుంచి కాదు తమ్మీ, రెండు రోజులు వెనక్కి పోయి లెక్కబెట్టుకో. అప్పటినుంచే నువ్వు అంటించేటోడివి." అందరికీ తెలియాల్సింది, ఎవరికీ సరిగ్గా తెలియనిది ఇదే. జ్వరం లేదు కదా అని తిరిగే ఆ రెండు రోజులే వైరస్‌కు పండగ.

ఇంటికొచ్చి మిద్దె మీది రేకుల రూములోకి మారి, ఉద్దెర పుస్తకం తెప్పించుకున్నాను. శని, ఆది, సోమ: మూడు పొద్దుల్లో పంతొమ్మిది పేర్లు. పక్కనే నంబర్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "నాకు పాజిటివ్ వచ్చింది, మీరు షాపుకొచ్చారు, వారం పది రోజులు ఇంట్లో ముసలోళ్లకు దూరంగా ఉండండి." ఒకాయన తిట్టాడు. ఒకామె, "పైసలు అడగనీకి జేశినవ్ అనుకున్న" అని ఊపిరి పీల్చుకుంది. ఇంకొకడు ఆ దెబ్బతో ఇప్పటిదాకా షాపు ముఖం చూడలేదు, బాకీ కూడా ఇవ్వలేదు. యాడి మాత్రం, "ఏం దింటున్నవ్?" అని అడిగి, జొన్నరొట్టెలు గోడ మీద పెట్టి పోయింది.

పది రోజుల తర్వాత మళ్లీ అందరికీ చేశాను. కౌంటర్ బయట నిలబడి రీఛార్జి చేయించుకుపోయిన ఆ పంతొమ్మిది మందిలో ఒక్కరికీ జ్వరం రాలేదన్నారు. షటర్ వెనక ఇరుక్కున్న నలుగురిలో ముగ్గురికి వచ్చింది. ఆటో పిల్లగాడికి ఆ గురువారం రాత్రే గొంతు గరగర మొదలైందట, నర్సమ్మ లెక్కన మాకు అంటించింది వాడే అయ్యుండొచ్చు. చోటుకు రాలేదు. వాడు ఆ నలభై నిమిషాలూ నేల మీద బోర్లా పడుకుని, షటర్ కింద సందులోంచి జీపు పోయిందా లేదా అని చూస్తూ ఉన్నాడు. బయటి గాలి వాడి మొహానికి తగులుతూనే ఉంది. అదృష్టమే కావచ్చు, ఒక్క రూముతో శాస్త్రం తేలదు. పంతొమ్మిది మందికీ నేను పరీక్షలు చేయించలేదు కూడా.

కానీ శాస్త్రం చెప్పిందీ దానికి దూరంగా లేదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక హోటల్లో కిటికీలు లేని అంతస్తు, ఏసీ గాలి మూడు టేబుళ్ల మీద తిరిగింది, ఆ మూడు టేబుళ్ల కుటుంబాల్లో పది మందికి సోకింది. అదే ఏడాది మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధన: 61 మంది, రెండున్నర గంటలు. 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. మూసిన గది, ఎక్కువసేపు, గొంతెత్తడం. ఈ మూడూ కలిస్తే ఒక్కడే పదిమందికి అంటిస్తాడు, లేకపోతే చాలామంది ఎవరికీ అంటించకుండానే కోలుకుంటారు. గాలిలో తేలే సన్నటి తుంపర్ల సంగతి పట్టించుకోండని 239 మంది శాస్త్రవేత్తలు 2020 జులైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగంగా రాశారు. ఆ సంస్థ తన ప్రశ్నలు-జవాబుల పేజీలో ఆ సంగతి తేటగా రాసేసరికి 2021 ఏప్రిల్ ఆఖరైంది. అప్పటికి మా దగ్గర సెకండ్ వేవ్ నెత్తి మీదుంది.

మా అమ్మకు ఇవన్నీ చెప్తే ఎక్కదు. "ఎండుమిరపకాయల పోపు వేస్తే ముందర్రలో ఉన్న నాయిన ఎందుకు దగ్గుతడే? నువ్వు ఆయన మీద ఉమ్మినవా?" అన్నాను. అంతే, లేచిపోయి కిటికీలు తీసింది. పోపు ఘాటూ వైరసూ ఒకటే అని కాదులెండి. మంచి మాస్కు కట్టుకున్నా వాసన వస్తుంది, అంతమాత్రాన మాస్కు పనిచేయనట్టు కాదు. గాలి ఎటు పోతుందో తెలియడానికి వరకే ఆ పోలిక.

నాకు పాజిటివ్ వచ్చిన వారమే మా వాట్సాప్ గ్రూపులో 5జీ టవర్ల వల్లే జనం చస్తున్నారని మెసేజ్ తిరిగింది. మొబైల్ షాపోడివి నువ్వు చెప్పు అని నన్నే అడిగారు. మన దేశంలో 5జీ మొదలైందే 2022 అక్టోబర్‌లో. 2021లో మా తండాల్లో 4జీ రావాలంటేనే మిద్దె ఎక్కాలి.

పుస్తకంలో పేర్లున్నవాళ్లను కాపాడుకున్నానేమోగానీ, పేరు రాయని ఇంట్లోవాళ్లకు అంటించాను. ఆదివారం రాత్రి నాయిన పక్కన కూర్చుని తలుపులేసి టీవీ చూశాను మరి. నాలుగు రోజులకు ఆయనకు జ్వరం. ఇంటింటికీ తిరిగే ఫీవర్ సర్వేకు వచ్చిన ఆశా అక్క వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ 91. ఆయనేమో ఛాయ్ తాగుతూ, "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటున్నాడు. ఆక్సిజన్ పడిపోయినా ఆయాసం తెలియకపోవడం ఈ జబ్బులో ఉన్న మోసం. 94 కన్నా తగ్గితే ఆగొద్దని ఆమె గట్టిగా చెప్పింది. మొదట పోయిన ఒక ప్రైవేటు దవాఖానలో బెడ్డు సంగతి తర్వాత, ముందు లక్ష కట్టమన్నారు. చివరికి నల్గొండలో సర్కారు దవాఖానలో ఆక్సిజన్ బెడ్డు దొరికింది.

వార్డులోకి మమ్మల్ని రానివ్వరు. స్మార్ట్‌ఫోన్ ఇస్తే ఛార్జింగు గోల, ఆయనకు నొక్కడం కూడా రాదు. షాపులో ఉన్న పాత కీప్యాడ్ ఫోనొకటి ఫుల్ ఛార్జ్ చేసి జేబులో పెట్టాను, నాలుగు రోజులు ఢోకా లేదు. మూతికి ఆక్సిజన్ మాస్కుంటే మాట్లాడలేడు కదా, అందుకని ఒప్పందం: ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే బాగున్నానని, వరసగా రెండుసార్లు ఇస్తే ఎవర్నైనా పంపమని. ఆరు రోజులు. తెల్లారి, మధ్యాహ్నం, రాత్రి. మూడో రోజు రాత్రి రింగు రాలేదు. పన్నెండు దాటే దాకా మిద్దె మీద ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. పన్నెండున్నరకు వచ్చింది. నిద్ర పట్టిందట, అంతే.

ఇప్పుడు షాపులో వెనక గోడకు రంధ్రం కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాను. పొగ అటే పోతుంది. జలుబుతో వచ్చినోళ్లకు బయట అరుగు మీద కుర్చీ ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. నాయిన బాయికాడికి చేరగానే ఇప్పటికీ ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేసిన, ఎత్తినంక మాట్లాడు అని ఎన్నిసార్లు చెప్పినా వినడు.