1640ల నాటి ఓడ సరుకు కోసం ఇప్పుడు దావా వేయొచ్చా?

ప్రశ్న: మాది బందరు. మా పూర్వీకులు అద్దకం బట్టల వర్తకులు. 1640ల మొదట్లో డెన్మార్క్ కంపెనీ ఓడ 'సాంక్ట్ జాకబ్'లో మా సరుకు వెళ్లిందని, తుఫానుకు అది బెంగాల్ తీరంలో ఒడ్డెక్కితే మొగలు అధికారులు సరుకుతో సహా లాక్కున్నారని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ దెబ్బతో కుటుంబం వీధిన పడింది. ఆ మాట వస్తే మా నాన్నగారు ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తాతగారి పెట్టెలో పాత లెక్కల కాగితం ఒకటి దొరికింది. పాడవకూడదని లామినేషన్ చేయించాను. డెన్మార్క్ ఎంబసీ నుంచి పరిహారం ఇప్పిస్తానని ఒక ఏజెంటు ఫోన్‌పేలో రూ.20 వేలు తీసుకున్నాడు. ఇప్పుడు ఒరిజినల్ కావాలంటున్నాడు. ఇవ్వాలా? దావా వేస్తే గెలుస్తామా?

జవాబు: ఒరిజినల్ ఇవ్వకండి. దావా నిలవదు.

మీ ఉత్తరం నిండా జరిగిన అన్యాయమే ఉంది. కోర్టు అక్కడిదాకా రాదు. లిమిటేషన్ చట్టం, 1963లోని సెక్షన్ 3 ప్రకారం గడువు దాటిన దావాను, ఎదుటివాళ్లు ఆ మాట ఎత్తకపోయినా, జడ్జి కొట్టేయాల్సిందే. లాక్కున్న చరాస్తి కోసం దావాకు మామూలుగా ఉండే గడువు మూడేళ్లు. ఆలస్యాన్ని మన్నించమని అడుగుదామంటే ఆ వెసులుబాటు ఇచ్చే సెక్షన్ 5 దావాలకు వర్తించదు. 'కాగితం ఇప్పుడే దొరికింది కదా' అంటారేమో. ప్రతివాది మోసంతో దాచిపెట్టిన కాగితానికే సెక్షన్ 17 పనికొస్తుంది. మీ కాగితం మీ తాతగారి పెట్టెలోనే ఉంది!

అసలు ప్రతివాది ఎవరు? డెన్మార్క్ కాదు. ఓడ పోగొట్టుకున్నదే వాళ్లు. 1616లో పుట్టిన ఆ కంపెనీ 1650లోనే మూతపడింది. ఇక మొగలు పాలకులు చేసిన పనికి నేటి ప్రభుత్వాన్ని నిలదీయాలంటే దారి ఇంకా ఇరుకు. తంజావూరు రాజు ఆస్తిని ఈస్టిండియా కంపెనీ స్వాధీనం చేసుకున్న కేసులో 1859లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) ఏమందో చూడండి. రాజ్యాధికారంతో చేసిన స్వాధీనంలో న్యాయాన్యాయాలు విచారించే అధికారం సివిల్ కోర్టుకు లేదంది.

పోనీ, ఆనాటి లెక్కలోనైనా అది స్పష్టమైన దోపిడీయేనా? ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఆ తీరం ఏలే రాజుదే అన్న ఆచారం మన దగ్గరా ఉండేది. పూర్వపు రాజులు అలాంటి సరుకంతా బలవంతంగా తీసుకునేవారని, తాము సుంకం తప్ప మరేమీ ముట్టబోమని 1244-45లో గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో వర్తకులకు అభయం ఇచ్చాడు. ఆ అభయం కాకతీయుల తీరానికే, బెంగాల్‌కు కాదు.

ఇక సాక్ష్యం. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటు నుంచి వస్తే, అందులోని రాత, సంతకం ఫలానావారివేనని కోర్టు అనుకోవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 92 చెప్పేది అంతే. లోపల రాసిన సంగతులు నిజమని కాదు. కాగితంలో ఓడ పేరుందా? సరుకు డేనులకు (డెన్మార్క్ వాళ్లకు) అమ్మేశారా, మీదిగానే ఉంచి రవాణాకు ఎక్కించారా? అమ్మేసి ఉంటే నష్టం డేనులది, మీకు రావలసింది బాకీ మాత్రమే. ముఖ్యమైన ఈ ముక్క మీ ఉత్తరంలో లేదు. పైగా లామినేషన్! పాత కాగితానికి వేడి ప్లాస్టిక్ అంటించడం కంటే చెడ్డ పని లేదు. సిరా, కాగితం పరీక్షించడం కష్టమైపోతుంది. ఊడదీసే ప్రయత్నం మాత్రం చేయకండి.

అడ్డదారుల సంగతి డేనులకు బాగా తెలుసు. పరిహారం రాలేదని వాళ్లు బెంగాల్ ఓడల్ని పట్టుకోవడం మొదలుపెట్టారు. తగువు 1698లో సంధి కుదిరేదాకా సాగింది. మీ ఏజెంటు చూపే దారి మీకు ఇంకా ప్రమాదం. చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతపత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. 'పాత కాపీ ఒకటి తయారు చేద్దాం' అన్నాడంటే అది ఫోర్జరీ, ఒప్పుకుంటే మీరూ ముద్దాయే.

మీ ఉత్తరంలో ప్రాణమున్న కేసు ఒక్కటే, ఆ రూ.20 వేలది. ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా భద్రపరచండి. డబ్బు వెనక్కివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఇవ్వకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసమని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు వసూలుకు సివిల్ దావా గడువు మూడేళ్లు. ఈసారైనా దాటనివ్వకండి.

కాగితాన్ని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పత్రాల పరిరక్షణ తెలిసినవారికి చూపించండి. ఇచ్చేస్తే తప్పకుండా రాతపూర్వక రసీదు తీసుకోండి.